ఆరున్నరకు మంగళం

సూరత్‌లో శాస్త్రీయ సంగీతం కోసమే నడిచే రేడియో ఒకటి ఉంది. దాని పేరు స్వరతాపి. నడిపేది ఒక ధర్మసంస్థ. ఆ సంస్థకు పెద్ద అయిన ధనసుఖ్‌భాయ్‌కి ఉధ్నాలో మరమగ్గాల కార్‌ఖానా ఉంది. ఆయనకు సంగీతం మీద ప్రత్యేకమైన అభిమానం లేదు. తల్లి కోరిందని రేడియో పెట్టించారు. ఫలితం మంచిదే కనుక ఆ విషయంలో నేను ఆయనను తప్పుపట్టను. తప్పుపట్టవలసిన విషయాలు వేరే ఉన్నాయి.

సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు ఆ రేడియోలో రోజుకొక సంగీతం. సోమవారం ఖయాల్. మంగళవారం సితారు, సరోద్. గురువారం హవేలీలనే ఇక్కడి వైష్ణవ ఆలయాలలో పాడే కీర్తనలు. శుక్రవారం ఠుమ్రీ అని చెప్పి గజళ్లు వేస్తారు. శనివారం పాశ్చాత్య సంగీతం. దాన్ని పరిచయం చేసే పెద్దమనిషి స్వరకర్తల పేర్లను ప్రతివారం ఒక కొత్త పద్ధతిలో పలుకుతాడు. ఆదివారం శ్రోతల కోరికలు, అంటే ఎప్పుడూ అడిగే ఆ నాలుగైదు పాటలే. బుధవారం కర్ణాటక సంగీతం. ఆ గంట నాది.

నా పేరు శారదాంబ. మా వారు రామారావు గారికి హజీరాలో ఇంజనీరు ఉద్యోగం వచ్చినప్పుడు ఈ ఊరు వచ్చాను. అక్కడి ఉద్యోగుల టౌన్‌షిప్ బడిలో సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేశాను. బుధవారం గంటకు పాటలు ఎంపిక చేసేదీ, స్టూడియోలో కూర్చుని పరిచయం చేసేదీ నేనే. ఈ నగరంలో గాలిలో తెలుగు కీర్తన వినిపించేది ఆ ఒక్క గంటలోనే. ఆ సంగతి నేను ఏ వారమూ మరవలేదు.

ఆ గంటకు ప్రాణాపాయం ఉందని నాకు తెలిపింది ఒక గీత.

రేడియో కేంద్రం వ్యవహారాలు చూసే అలేఖ్య ఒక మధ్యాహ్నం తన కంప్యూటరును నా వైపు తిప్పింది. ఈ అమ్మాయి సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ఒక వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి, హిందీలో నడిపి, గుజరాతీలో దించుతుంది.

"ఆంటీ, గుస్సా మత్ కర్నా. ఇది మీ బుధవారం గ్రాఫ్. జుఓ."

చూశాను. ఫోనులో మా రేడియో వినేవారి సంఖ్యను ఆ గీత చూపుతుందట. ఆరింటికి పైకి లేచి, బల్లలా సమంగా సాగి, సరిగ్గా ఆరున్నర దగ్గర కొండ కొమ్ము నుంచి పడినట్టు కిందికి పడింది. ఏడింటి దాకా మళ్లీ లేవలేదు.

"ఏ వారం ఇది?"

"అన్ని వారాలూ ఇంతే. మూడు నెలల నుంచి. ఆరున్నర వరకు ఏక్‌దమ్ ఫస్ట్‌క్లాస్. తర్వాత సబ్ ఖతమ్. శనివారం కూడా ఇంతకంటే బెటర్."

శనివారం! నాకు తోచిన జవాబులు ఆ అమ్మాయి వయసుకు తగినవి కావు.

"ట్రస్టీ ధనసుఖ్‌భాయ్ గారు నెలాఖరు దాకా టైమ్ ఇచ్చారు ఆంటీ. అప్పటికీ గ్రాఫ్ నిలబడకపోతే బుధవారం స్ట్రెస్ రిలీఫ్ మ్యూజిక్ పెడతారట."

"అంటే ఏమిటి?"

"జలపాతం చప్పుడు, పిట్టల కూతలు, మధ్యమధ్యలో ఫ్లూట్."

"జలపాతానికి పరిచయం ఎవరు చెబుతారు?"

"ఆంటీ, ప్లీజ్!"

మూడు నెలల కిందట జరిగింది ఏమిటో చెప్పాలి. కార్యక్రమాలలో వైవిధ్యం పెంచాలని సంస్థ వారు తీర్మానించారు. నా గంటను రెండుగా కోసి, మొదటి అరగంట గాత్రం, రెండవ అరగంట వాద్యం అన్నారు. నేను అభ్యంతరం చెప్పాను, ఓడిపోయాను. ఓడినా పద్ధతి తప్పలేదు. రెండు ముక్కలు చేసినప్పుడు అవి రెండు కచేరీలు. ఏ కచేరీకి ఆ కచేరీ సంపూర్ణంగా ముగియాలి. అందుచేత గాత్రం అరగంటను మంగళంతో ముగించి, తర్వాత వీణో వయొలినో మొదలుపెడుతున్నాను. మంగళం లేని గాత్ర కచేరీ నా చేతుల మీదుగా ప్రసారం కాదు.

"మీ లిజనర్స్‌కి వాద్యాలు బోర్ కొడుతున్నాయి ఆంటీ. అంతే."

"అది నీ ఊహ. ఆధారం?"

అలేఖ్య నగరపు పటం తెరిచింది. వినే ఫోను ఉన్న ప్రతి చోటా ఒక ఎర్రచుక్క. హజీరా వైపు ఒకే ఒక చుక్క కనిపించింది. అది మా ఇల్లు. ప్రతి పెళ్లిలోనూ, ప్రతి గృహప్రవేశంలోనూ "మీ కార్యక్రమం అద్భుతమండీ, ఒక్క వారం కూడా వదలం" అని నాకు నమస్కరించే ఇంజనీర్లు, మేనేజర్లు, వారి భార్యలు, ఎవ్వరూ అక్కడ లేరు. చుక్కలన్నీ నగరానికి అటువైపు ఒక్కచోట గుమిగూడి ఉన్నాయి.

"ఇది ఏ ప్రాంతం?"

"గోడాదరా. లూమ్స్‌లో పనిచేసే మన తెలంగాణ ఫ్యామిలీస్. మీకు తెలీదా?"

అక్కడ వాళ్లు ఉన్నారని తెలుసు. నన్ను వింటున్నారని తెలియదు. రెండూ వేర్వేరు విషయాలు కనుక "తెలుసు" అనే చెప్పాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా వారికి సంగతంతా చెప్పి, వచ్చే బుధవారం గోడాదరా వెళ్తానన్నాను.

"వెళ్లి శ్రోతల్ని మందలించి వస్తావా శారదా?"

"కారణం కనుక్కుని వస్తాను."

"నీ గొంతు వింటే చాలు, చేయని నేరం కూడా ఒప్పుకుంటారు," అని ఆయన పెరుగన్నం కలుపుకున్నారు.

ఆ వారం కార్యక్రమాన్ని ముందుగానే రికార్డు చేసి, బుధవారం సాయంత్రం అలేఖ్యను వెంటబెట్టుకుని ఆటోలో గోడాదరా వెళ్లాను. పటంలో చుక్కలు దట్టంగా ఉన్న సందు మొదట్లో దిగాము. ఇరుకైన సందు, రెండు వైపులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న అద్దె గదులు, ప్రతి గడప దగ్గరా చీర ఒడిలో పరుచుకుని అంచుకు మెరుపు రాళ్లు అంటిస్తున్న ఆడవాళ్లు. ఆడవాళ్లలో పెద్దగా కనిపించిన ఒకావిడను అడిగాను.

"ఇక్కడ బుధవారం రేడియో వినేవారు ఎవరమ్మా?"

ఆవిడ తల ఎత్తలేదు. "విననోళ్లు ఎవరో అడుగు, జల్ది చెప్త." అంతలో చేయి ఆగింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏందీ... జర మల్ల మాట్లాడు."

"ఏం మాట్లాడాలి?"

"అయ్యో నా తల్లీ!" ఆవిడ చీరను పక్కకు నెట్టి లేచింది. "ఓ పోశక్కా! ఓ లచ్చవ్వా! బయటికి రాండ్రే! రేడియోల తిట్టే అమ్మ వచ్చింది!"

నేను తిట్టను. పాటకు ముందు రెండు మాటలు వ్యాఖ్యానం చెబుతాను. పాట నడుస్తుండగా కబుర్లు చెప్పుకోవద్దని, తాళం తప్పుగా వేయడం కంటే వేయకపోవడం మేలని అప్పుడప్పుడు సూచిస్తాను. ఈ తేడాను వివరించబోయాను కానీ అప్పటికే సందంతా నా చుట్టూ మూగింది. ఒకరు కుర్చీ తెచ్చారు, ఒకరు ఫ్యాను మా వైపు తిప్పారు, ఒకరు చాయ్ తెచ్చారు. అలేఖ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఆవిడ పేరు భూదేవి. సిరిసిల్ల నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. భర్త దశరథం ఉధ్నాలో రాత్రి పాళీలో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను వాళ్లు సాంచెలు అంటారు. పాళీ ఏడింటికి మొదలు. ఈ సందులో మగవాళ్లలో చాలామందిది అదే పాళీ.

"మీరు ఈ సంగీతం ఎందుకు వింటారు భూదేవి గారూ?"

"గారట!" ఆవిడ పక్కావిడ భుజం మీద చరిచింది. "ఇన్నవా? మా ఆయనకు చెప్పు జర, ఇగనుంచి గారు అనమని." తర్వాత నా ప్రశ్నను పట్టించుకుంది. "ఎందుకేందమ్మా? పొద్దంతా హిందీ, గుజరాతీ. సాంచెల మోతకు ఆయనకు సగం చెవులు పోయినయ్. వారానికొక్కనాడు రాముని పాట మన మాటల్ల ఇనబడ్తది. ఇనమా మరి?"

ఆరయింది. మెట్ల మీద పెట్టిన స్పీకరులో నా గొంతే వినిపించింది, కాస్త కటువుగా. ఎదురింటి స్పీకరులోనూ అదే, పై అంతస్తులోనూ అదే. కీర్తన మొదలైంది. ఆడవాళ్లు చీరలకు రాళ్లు అంటిస్తూనే పల్లవి అందుకుంటున్నారు; మగవాళ్లు స్నానాలు చేసి, గడపల్లో కూర్చుని రాత్రి పనికి ముందు తినే అన్నం తింటున్నారు. మోహనంలో గాయకుడు పైస్థాయికి వెళ్లినప్పుడు దశరథం ముద్ద చేతిలోనే ఉంచుకుని కళ్లు మూసుకున్నాడు. కీర్తన దిగాకనే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలులో మేము పెట్టే వార్షిక కచేరీలలో, ముందు వరుసలో ఫోను చూసుకునే పెద్దలు నాకు గుర్తుకు వచ్చారు. వారిని గురించి మరొక సందర్భంలో రాస్తాను.

ఆరున్నర కావస్తుండగా మంగళం మొదలైంది.

సందు మొత్తం లేచి నిలబడింది. ఒడిలో చీరలు మడతలుపడి పక్కకు వెళ్లాయి. భూదేవి స్టీలు పళ్లెంలో కర్పూరం వెలిగించి స్పీకరుకు హారతి ఇచ్చింది. దశరథం చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడ్డాడు. చివరి స్వరం ఆగింది. అందరూ హారతి కళ్లకద్దుకున్నారు. భూదేవి చేయి చాచి స్పీకరు ఆపింది. ఎదురింట్లో ఆగింది, పై అంతస్తులో ఆగింది, సందు చివరి దాకా ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి. మగవాళ్లు అన్నం డబ్బాలు అందుకుని షేరింగ్ ఆటోల వైపు నడిచారు.

"ఆపారేమిటి? ఇంకా అరగంట ఉంది!" అన్నాను.

భూదేవి నన్ను వింతగా చూసింది. "ఇంకేమున్నదమ్మా? మంగళం పాడితిరి గదా."

"తర్వాత వీణ ఉంది."

"ఉంటే మంగళంకన్న ముందు వాయించాలె. హారతి ఇచ్చినంక మల్ల కూసుంటరా ఎవరన్న?" ఆవిడ గొంతు తగ్గించింది. "గంత సదువుకున్నవు, నీకు నేను జెప్పాల్నా?"

"ఆంటీ..." అలేఖ్య తన ఫోను నా ముఖం ముందు పెట్టింది. గీత అప్పుడే, మా కళ్ల ముందే, నిలువునా పడిపోయింది. "ఆంటీ, వీళ్లు బోర్ కొట్టి వెళ్లట్లేదు. మీ పద్ధతిలోనే వెళ్తున్నారు!"

ఈ నగరంలో సభామర్యాద పాటించే శ్రోతలు నాకు ఉన్నారు. మూడు నెలలుగా వారం వారం నేనే వారిని గౌరవంగా ఇంటికి పంపిస్తున్నాను. చాయ్ ఎప్పుడో చల్లారింది. తాగి, సెలవు తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక మా వారిని ఒకే ప్రశ్న అడిగాను. "బుధవారం ఆరున్నర తర్వాత మీరు ఏం చేస్తారు?"

"మంగళం అవగానే ఆపేసి నడకకు వెళ్తాను. ఏం?"

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మంగళం అయ్యాక కూడా వినాలని నువ్వెప్పుడు చెప్పావు?"

ఈ తర్కంలో లోపం నాకు ఇప్పటికీ దొరకలేదు.

నెలాఖరుకు ముందు మిగిలింది ఒకే బుధవారం. మార్చవలసింది ఒకటే: మంగళం. దాన్ని గంట చివరికి, ఏడింటి దగ్గరికి జరిపాను. గాత్రం, ఆ వెంటనే వీణ, అన్నిటి తర్వాత మంగళం. మగవాళ్లు ఆరున్నరకు పనికి వెళ్లక తప్పదు, వెళ్తారు. ఆడవాళ్లు ఏడింటి దాకా వింటారు. గీత సగమైనా నిలబడుతుంది. ఇది నా లెక్క. లెక్కలో తప్పు లేదు, నేను మగవాళ్లను సరిగా అంచనా వేయకపోవడం తప్ప.

ఆ బుధవారం ఆరున్నరకు కల్యాణిలో వీణ ఆలాపన మొదలైంది. అద్దానికి అటువైపు అలేఖ్య బొటనవేలు ఎత్తి చూపించింది. గీత నిలబడింది! సగం కాదు, మొత్తం, బల్లలా. ఇంకాసేపటికి స్టూడియో ఫోను మోగింది. అలేఖ్య ఎత్తి, స్పీకరు మీద పెట్టింది.

"అమ్మా, నేను భూదేవిని. మంగళం ఎప్పుడు పాడుతరు?"

"వీణ అయ్యాక. ఎందుకు?"

"ఎందుకేంది! మా ఆయన డబ్బా చేతిల పట్టుకొని నిలబడ్డడు. సందంత గట్లనే నిలబడ్డరు. ఆటోవాళ్లు హారన్లు కొడ్తున్నరు!"

"వెళ్లమనండి. నడుమ లేచి వెళ్లడం తప్పు కాదు."

"మస్తు జెప్పిన. ఎనుకట నడుమనే పోయేటోళ్లు, ఇప్పుడు ఇంటలేరు. పాటల నడుమ లేచి పోయేటోళ్లు మనుషులేనా అని మొన్న రేడియోల అన్నదెవరమ్మా?"

అన్నది నేనే. ఫోనులో వెనక నుంచి దశరథం గొంతు వినిపించింది. "జర తొందరగ పాడమను! సేఠ్ ఊకోడు!"

"వీణ ఆపేయనా ఆంటీ?" అలేఖ్య చేయి మీట మీద ఉంది.

"చేయి తీయి," అన్నాను. "ఆలాపనను నడుమ తుంచి మంగళం పెట్టే రేడియో ఉండడం కంటే జలపాతం మేలు."

"ఔర్ సేఠ్?"

"సేఠ్‌కు నేను సమాధానం చెబుతాను."

వీణ ముగిసింది. మంగళం ఏడింటికి ముగిసింది. అప్పుడు మాత్రమే గీత పడింది.

మరునాడు ఉదయమే ధనసుఖ్‌భాయ్ వచ్చారు. ఆయన హిందీలో అన్నదాన్ని, సోదరి అనే అర్థంలో నన్ను పిలిచే 'బెన్' తప్ప, ఉన్నది ఉన్నట్టు తెలుగులో ఇస్తున్నాను.

"బెన్, నిన్న నా కార్‌ఖానాలో మగ్గాలు ఆగిపోయాయి. పగటి పాళీ వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు, రాత్రి పాళీ వాళ్లు రాలేదు. ఆలస్యంగా అందరూ కలిసి వచ్చారు. ఎందుకని అడిగితే మంగళం కాలేదన్నారు. నా రేడియో నా మగ్గాలను ఆపిందా?"

"నిన్న గంటసేపూ మీ రేడియోను ఎవరూ ఆపలేదు," అన్నాను. "వినేవారు లేరని కదా మీరు బుధవారాన్ని తీసివేస్తున్నారు. ఉన్నారు. నిన్న మీ కార్‌ఖానాలో లేనివారందరూ వారే."

అలేఖ్య పెదవులు బిగించి నేల చూసింది. ధనసుఖ్‌భాయ్ గీతను చూశారు, నన్ను చూశారు, మళ్లీ గీతను చూశారు. ఏదో జ్ఞాపకం చేసుకుంటున్నట్టు గడ్డం రుద్దుకున్నారు.

"ఆగండి. ఇన్నాళ్లూ బుధవారం మంగళం ఆరున్నరకు ఉండేదా?"

"మూడు నెలలుగా అప్పుడే ఉండేది."

"బుధవారం మాత్రమే రాత్రి పాళీ అంతా వేళకు దిగేది. మిగతా రోజులు ఒక్కొక్కరే కాళ్లీడ్చుకుంటూ వస్తారు. నా మేనేజరు అది తన గొప్ప అనుకుంటున్నాడు." ఆయన ముఖం వికసించింది. వ్యాపారి ముఖం అలా వికసించినప్పుడు అవతలివారు జాగ్రత్తగా ఉండాలి. "బెన్, ఆ మంగళం ఒక్కటి రోజూ ఆరున్నరకు వేయించండి. రెండు నిమిషాలే కదా!"

"వీలుకాదు."

"ఎందుకు?"

"మంగళం సైరన్ కాదు. కచేరీ జరిగితేనే దానికి మంగళం. కచేరీ లేకుండా మంగళం పెడితే మీ పనివాళ్లే లేవరు. కావాలంటే అడిగి చూడండి."

ఆయన అడగలేదు. "అయితే ఎంత కచేరీ కావాలి?" అన్నారు, గుడ్డ కొలత అడిగినట్టు.

"రోజూ అరగంటకు తగ్గకూడదు. ఆరింటికి మొదలై ఆరున్నరకు మంగళంతో ముగియాలి. బుధవారం మాత్రం గంట. అది అయిదున్నరకే మొదలవుతుంది."

"మిగతా సంగీతాలు?"

"ఆరున్నర తర్వాత. ఖయాల్‌కు చీకటి పడితేనే అందం. గజల్‌కు ఏ వేళైనా ఒకటే."

"మరి జలపాతం?" అని అలేఖ్య మెల్లగా అడిగింది.

"అర్ధరాత్రి తర్వాత పెట్టు," అన్నారు ధనసుఖ్‌భాయ్. "నిద్రపోయేవాళ్లు వింటారు." ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించిన సందర్భం అది ఒక్కటే.

ఇప్పుడు మా వారం ఇది. సోమవారం వీణ. మంగళవారం నాగస్వరం, ఆ రోజు గోడాదరాలో స్పీకర్ల శబ్దం తగ్గించుకొమ్మని పక్క సందువాళ్లు వచ్చి పోట్లాడతారట, పోట్లాడి అక్కడే కూర్చుని వింటారట. బుధవారం గాత్రం, పూర్తి గంట. గురువారం వేణువు, పిట్టల కూతలు లేకుండా. శుక్రవారం వయొలిన్. శనివారం ఘనరాగాలు. శనివారపు పెద్దమనిషి ఇప్పుడు నా తర్వాత వస్తాడు; పేర్లు పలికే ముందు నన్ను ఒకసారి అడుగుతున్నాడు. ఆదివారం ఎవరని ధనసుఖ్‌భాయ్ అడిగినప్పుడు, స్టూడియోలో ప్రత్యక్షంగా పాడేవారు ఉన్నారని చెప్పాను.

మొదటి ఆదివారం భూదేవి తన భజన బృందంతో దిగింది. ఆడవాళ్లందరూ తాము రాళ్లు అంటించిన చీరల్లాంటివే కట్టుకుని వచ్చారు. స్టూడియో దీపాలకు గదంతా మిలమిలలాడింది. దశరథం పనికి అటునుంచి అటే వెళ్లడానికి అన్నం డబ్బాతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"భయమైతున్నదా?" అని అలేఖ్య అడిగింది, ఈమధ్య నేర్చుకున్న మాటల్లో.

"నాకెందుకు భయం? తిట్టే అమ్మ ఉన్నది గదా, తప్పయితే జనం ఆమెనే తిడ్తరు," అంది భూదేవి.

పాడారు. శ్రుతి రెండుచోట్ల కిందికి జారింది, తాళం ఒకచోట పరుగెత్తింది. గది నిండింది. రామ కీర్తనలో చివరి చరణం దగ్గర అద్దానికి అటువైపు అలేఖ్య కూర్చోలేక లేచి నిలబడి తాళం వేసింది, తప్పుగా. నేను సూచించలేదు. ఆరున్నరకు భూదేవి మంగళం అందుకుంది. అందరమూ లేచాము. దశరథం డబ్బాను నేల మీద పెట్టి చేతులు జోడించాడు.

చివరి స్వరం ఆగాక భూదేవి ముఖం వెలుగుతోంది. ఆవిడ మైకును వదలలేదు.

"మంచిగ కుదిరింది గదా అమ్మా! ఇంకొక్కటి పాడుదమా?"

"భూదేవి గారూ, మంగళం అయిపోయింది."

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, నాలుక కరుచుకుని, పెద్దగా నవ్వింది. ఆ నవ్వు కూడా ప్రసారమైంది. నేను మైకు ఆపాను. దశరథం డబ్బా అందుకుని ఆటో కోసం పరుగెత్తాడు.

మైకు ఆగింది కానీ వాళ్లు ఆగలేదు. ఆ ఇంకొక్క పాటను మెట్లు దిగుతూ ఎత్తుకున్నారు, కింద వీధిలోకి వచ్చే దాకా పాడుతూనే ఉన్నారు. పల్లవి మళ్లీ రెండుచోట్ల జారింది. వెనక నడుస్తూ, సరిగ్గా ఆ రెండుచోట్లా, నేను గొంతు కలిపాను.